పాత గోడౌన్ ర్యాకులు వేలంలో తీసుకోవచ్చా? శుక్రవారమే పాట, సలహా చెప్పండి

నూనెడబ్బా · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేడ్చల్ దగ్గర నాకు చిన్న గోడౌన్ ఉంది. నూనె డబ్బాలు, సబ్బుల ఏజెన్సీ. ఇన్నాళ్లూ సరుకంతా నేల మీదే పేరుస్తున్నాం. కింది వరస డబ్బాలు సొట్టలు పడి కారుతున్నాయి, పాత సరుకు గోడవైపు ఇరుక్కుపోయి డేట్ దాటిపోతోంది. ర్యాకులు వేయిద్దామని కొత్తవాటికి కొటేషన్ తీసుకుంటే ఐదు లక్షల చిల్లర చెప్పారు, జీఎస్టీ వేరే.

ఇంతలో శంషాబాద్ వైపు మూతపడ్డ ఒక ఆన్‌లైన్ బట్టల కంపెనీ గోడౌన్ సామాను ఈ-ఆక్షన్‌కి వచ్చింది. లాట్ 7: ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పీట) ర్యాకులు, 6 మీటర్ల ఫ్రేములు (రెండేసి కాళ్ల నిలువు చట్రాలు) 40, వాటి మధ్య అడ్డంగా తగిలించే 2.7 మీటర్ల బీములు 216. రిజర్వ్ ధర (పాట మొదలయ్యే కనీస ధర) 3.60 లక్షలు, ఈఎండీ (పాటకి ముందు కట్టే ధరావతు) 36 వేలు. లాట్ 8: స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు (చిల్లుల యాంగిల్ కాళ్లకి అరలు బోల్టులతో బిగించేవి) 55, రిజర్వ్ 70 వేలు. బుధవారం చూడనిస్తారట, శుక్రవారం పాట. ఫొటోల్లో నీలం, నారింజ రంగుల్లో నిగనిగలాడుతున్నాయి. మా నాన్నగారు "ఇనుమే కదరా, ఏం పాడవుతుంది" అంటున్నారు. తీసుకోమంటారా?

తుక్కు_బాబాయ్ · సోమవారం, రాత్రి 10:05

గాజువాక ఆటోనగర్లో పాత ఇనుము వ్యాపారం నాది. మీ నాన్నగారు చెప్పింది నిజమే. ఒక్కో ఫ్రేము 60 కిలోలు, బీము 11 కిలోలు అనుకున్నా మొత్తం 4.8 టన్నులు. రిజర్వ్ ధరకు కొడితే కిలో 75 రూపాయలు. కొత్తది కిలో వంద పైమాటే. కళ్లు మూసుకుని పాడేయండి. రేపు అక్కర్లేదనుకున్నా కాటాకి వేస్తే సగం డబ్బు వెనక్కి వస్తుంది.

బీమ్_లాక్ · సోమవారం, రాత్రి 11:20

బాబాయ్, కాటా లెక్కకి ఇనుము ఇనుమే. కానీ ఆయన కొనేది తలమీద ఆరు మీటర్ల ఎత్తున నూనె పెట్టుకోవడానికి. జీడిమెట్లలో ర్యాకులు బిగించే పని నాది, పద్నాలుగేళ్లయింది. పాతవి విప్పి మళ్లీ బిగించిన సైట్లే సగం ఉంటాయి. కాబట్టి పాతవి వద్దని నేను అనను. ముందు మీ లెక్క చెబుతాను, తర్వాత మీరే చూసుకోండి.

15 కిలోల డబ్బాలు ఒక ప్యాలెట్ మీద 60 పెడతారనుకుందాం. రేకు బరువు, చెక్క బరువు కలిపితే దగ్గర దగ్గర టన్ను. 2.7 మీటర్ల బీము మీద రెండు ప్యాలెట్లు పడతాయి, అంటే వరసకి రెండు టన్నులు. నేల మీది ప్యాలెట్లు వదిలేసినా పైన మూడు వరసలకి ఆరు టన్నులు. మధ్యలో ఉన్న ప్రతి ఫ్రేమూ అటు సగం, ఇటు సగం మోస్తుంది కాబట్టి దాని మీద ఆరు టన్నులు, ఒక్కో కాలి మీద మూడు టన్నులు. ఆ కాలు మందం ఎంత? ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల రేకుని మడిచి, పొడుగూతా చిల్లులు కొట్టినది. సూటిగా నిలబడినంతసేపు మోస్తుంది. ఒక్కచోట వంగిందా, దాని లెక్క మారిపోతుంది.

ఆ అమ్మే కంపెనీ పెట్టింది బట్టలు. మీరు పెట్టేది నూనె. రెంటికీ ర్యాకు బయటికి ఒకేలా కనిపిస్తుంది. ఏ వరసకి ఎంత బరువో రాసిన బోర్డు ర్యాకుల బారు చివర తగిలించి ఉండాలి. వేలానికి వచ్చేసరికి ఆ బోర్డు సాధారణంగా ఉండదు. డ్రాయింగులు అంతకంటే ఉండవు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. బీము మొదటి వరస ఎంత ఎత్తులో ఉందో చూడండి. బట్టల గోడౌన్లో 90 సెంటీమీటర్లకే పెట్టి ఉండవచ్చు. మీరు కింద డబ్బాల ప్యాలెట్ పట్టాలని 1.8 మీటర్లకు పెంచుతారు. ర్యాకుల బారు వెంట నడిచే దిశలో ఆ కాలిని పట్టి ఉంచేవి బీములే. కింద దన్ను లేని పొడవు రెట్టింపయితే, సన్నని స్తంభం లెక్క ప్రకారం వంగకుండా నిలిచే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. అవే కాళ్లు, అవే బీములు. బీము ఎత్తు మార్చారంతే.

మీ గోడౌన్ ఫ్లోర్ ఏమిటి?

నూనెడబ్బా · మంగళవారం, ఉదయం 7:15

షాబాద్ బండలు అన్నా. మా తాతగారి కాలంనాటి షెడ్డు.

బీమ్_లాక్ · మంగళవారం, ఉదయం 7:31

అయితే ఆ ఖర్చు ముందు రాసుకోండి. మూడు టన్నుల కాలు అరచేయంత బేస్ ప్లేట్ మీద నిలబడుతుంది. బండ కింద ఉండేది ఇసుక, మొరం. కాలిని నేలకి బిగించే యాంకర్ బోల్ట్ బండలో దిగుతుంది కానీ పట్టు దొరకదు, బండ పగులుతుంది. మంచి కాంక్రీట్ ఫ్లోర్ వేసుకోకుండా హెవీ డ్యూటీ ర్యాకు జోలికి వెళ్లకండి, అది కొత్తదైనా సరే.

గుంటూరు_టిక్కీ · మంగళవారం, ఉదయం 10:50

నాకు జరిగింది చెబుతానండి. నేను ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరుని. రెండేళ్ల కిందట పక్క షెడ్డు కోసం వేలంలోనే ర్యాకులు కొన్నాం. లాటంతా ఒకే రంగు. విప్పి తెచ్చి బిగిస్తుంటే కొన్ని బీములు చేత్తో నొక్కితే టక్కున కూర్చున్నాయి, కొన్నిటికి సుత్తి దెబ్బలు పడితేగానీ దిగలేదు. బిగించే కుర్రాళ్లు "పాతవి కదా సార్, అలాగే ఉంటాయి" అన్నారు. నేనూ ఊరుకున్నాను.

రెండు వేర్వేరు కంపెనీల ర్యాకులు అవి. పాత యజమాని ఎప్పుడో సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర కొని, రంగు ఒకటే వేయించుకున్నాడు. కాళ్ల చిల్లుల ఆకారం చూడ్డానికి ఒకేలా ఉంది, వాటిలో దిగే బీము చివరి కొక్కెం మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు తేడా. మిర్చి టిక్కీలు (బస్తాలు) ఒక్కొక్కటి నలభై కిలోల పైమాట. నాలుగు నెలలు బాగానే ఉంది. ఓ పొద్దున షట్టర్ తీస్తే ఘాటు గుప్పున కొట్టింది. మూడో వరస బీము ఒకవైపు ఊడి, కింది వరస మీద ఏటవాలుగా పడి ఉంది. టిక్కీలు పగిలి దారంతా ఎర్రగా ఉంది. ఊడిన బీము చివర కొక్కేలు చూస్తే, మూడింటిలో రెండు అట్టముక్క చివర మడిచినట్టు తెరుచుకుని ఉన్నాయి. రాత్రిపూట కాబట్టి మనుషులు లేరు. పగలైతే ఆ దారిలో కనీసం నలుగురు హమాలీలు ఉంటారు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే షరతుల కాగితం మళ్లీ ఒకసారి చదువుకోమన్నారు. అంతే.

తుక్కు_బాబాయ్ · మంగళవారం, మధ్యాహ్నం 12:10

అది బిగించినవాడి తప్పు, వేలం తప్పు కాదు. ఎనిమిదేళ్లుగా అమ్ముతున్నాను, నా దగ్గర కొన్నది ఒక్కటీ కూలలేదు.

బీమ్_లాక్ · మంగళవారం, మధ్యాహ్నం 12:26

కూలితే మీకు ఫోన్ చేసి చెబుతారా బాబాయ్?

ప్లీడరు_గారు · మంగళవారం, మధ్యాహ్నం 2:00

గుంటూరు సోదరుడు చెప్పిన షరతుల కాగితం గురించి. దివాలా చట్టం 2016 కింద లిక్విడేటర్ (మూతపడ్డ కంపెనీ ఆస్తులు అమ్మే అధికారి) అమ్మినా, సర్ఫేసీ చట్టం 2002 కింద బాకీ వసూలుకి బ్యాంకు అమ్మినా నోటీసులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "యాజ్ ఈజ్ వేర్ ఈజ్, యాజ్ ఈజ్ వాట్ ఈజ్, వాటెవర్ దేర్ ఈజ్, వితౌట్ రికోర్స్". ఎక్కడుందో అక్కడే, ఎలా ఉందో అలాగే, ఏముంటే అదే, మళ్లీ మా గడప ఎక్కొద్దు అని. లెక్కలో 216 బీములని రాసి 190 ఉన్నా వాళ్లు ఈ వాక్యమే చూపిస్తారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో కొనేవాడికి కొన్ని రక్షణలున్నాయి కానీ, చూసుకునే అవకాశం ఇచ్చాక పైకి కనిపించే లోపాల గురించి తర్వాత వాదించడం కష్టం. అదే చట్టం 64వ సెక్షన్ ప్రకారం సుత్తి పడేదాకా పాటని వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఈ-ఆక్షన్లో ఒకసారి నొక్కాక వెనక్కి లేదని, ఈఎండీ జప్తు చేస్తామని షరతుల్లో రాస్తున్నారు. అది చదవకుండా నొక్కకండి.

మరో రెండు విషయాలు అడగండి. ఆ ర్యాకులు కంపెనీ సొంతమా, లీజుకి తెచ్చుకున్నవా? గోడౌన్ ఓనరుకి అద్దె బాకీ ఉందా? నా క్లయింటు ఒకాయన డబ్బంతా కట్టి లారీ తీసుకువెళితే, బాకీ తేలేదాకా గేటు తీయనని ఓనరు తాళం వేసుకుని కూర్చున్నాడు. సామాను ఎత్తే గడువేమో పదిహేను రోజులు. గడువు దాటితే రోజుకింత అని ఇటు అమ్మినవాళ్లు వడ్డించారు.

లీస్టర్_నుంచి · మంగళవారం, సాయంత్రం 6:45

నేను ఇంగ్లండ్‌లో వేర్‌హౌస్ సూపర్‌వైజర్ని, మాది అనంతపురం. ఇక్కడ మాకు నేర్పిన కొలత చెబుతాను, మీకు బుధవారం పనికొస్తుంది. ఒక మీటరు పొడవున్న సూటి అల్యూమినియం పట్టీ తీసుకెళ్లండి. కాలికి ఆనించి మధ్యలో సందు ఎంతుందో చూడండి. బీముల దిశలో వంపు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ముందు కాలు, వెనక కాలు కలిపే బ్రేసింగ్ దిశలో 3 దాటకూడదు. బ్రేసింగ్ ముక్కల్లో 10 దాకా పర్లేదు. ఆ లోపల ఉంటే పచ్చ. దాటితే పసుపు: ఉన్న సరుకు తీశాక మళ్లీ పెట్టకూడదు, నాలుగు వారాల్లో మార్చాలి. రెట్టింపు దాటితే ఎరుపు: అప్పటికప్పుడు ఖాళీ చేయాలి. వంగిన కాలిని కొట్టి సరిచేయడం, వెల్డింగ్ పెట్టడం మా దగ్గర ఒప్పుకోరు. అదే కంపెనీ, అదే సైజు ముక్క తెచ్చి మార్చాల్సిందే.

2016 మే నెలలో ష్రాప్‌షైర్‌లోని హిన్‌స్టాక్ అనే ఊళ్లో చీజ్ పెట్టిన ర్యాకులు ఒకదాని మీద ఒకటి కూలి, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఎనిమిది గంటలు ఆ ఇనుము కింద ఉండిపోయాడు. ప్రాణాలతో బయటికి తీశారు. మా ట్రైనింగ్‌లో ఆ ఫొటో చూపిస్తారు, ఏది కాలో ఏది బీమో చెప్పలేం.

తుక్కు_బాబాయ్ · మంగళవారం, రాత్రి 9:30

సరేనయ్యా, నన్ను విలన్ని చేయకండి. నేనూ ఒకటి చెబుతాను, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లు. యాక్సిడెంట్ కార్లకి పుట్టీ పెట్టినట్టే, సొట్టలకి పుట్టీ పెట్టి పైన రంగు కొడతారు. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం జారిపోతుంది. కింద అడుగు ఎత్తులోనే చూడు, ఫోర్క్‌లిఫ్ట్ తగిలేది అక్కడే. కంపెనీ పౌడర్ కోటింగ్ అయితే బ్రష్ గీతలుండవు, రంగు బొట్టుబొట్టుగా కారి ఉండదు.

పాటలో నీ హద్దు ముందే కాగితం మీద రాసుకో. పాట వేడెక్కాక మనిషికి లెక్కలు గుర్తుండవు.

డాలస్_కిరాణా · బుధవారం, ఉదయం 5:50

మాది ఇక్కడ ఇండియన్ గ్రోసరీ హోల్‌సేల్. పోయినేడు మూతపడ్డ స్టోర్ ర్యాకులు ఆన్‌లైన్ వేలంలో చవగ్గా కొట్టానని మురిసిపోయాను. పాట ధర మీద 15 శాతం బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాడు వేలం వాళ్లకి అదనంగా కట్టేది) ఉంటుందని బిల్లు వచ్చాక చూశాను. అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ సిటీ పర్మిట్. ఇక్కడ 12 అడుగులు దాటి సరుకు పేరిస్తే ఫైర్ కోడ్‌లో అది వేరే తరగతి. ఇంజినీర్ సంతకం చేసిన డ్రాయింగ్ కావాలన్నారు. తయారీదారు ఎవరో తెలియని ర్యాకుకి సంతకం పెట్టడానికి ఏ ఇంజినీరూ ముందుకు రాలేదు. బీముల మీద పరిచిన ప్లైవుడ్ కూడా తీయించారు, నిప్పంటుకుంటే పైన స్ప్రింక్లర్ చల్లే నీళ్లు కింది వరసకి దిగవని. చివరికి 12 అడుగుల దగ్గర కోయించి, కింద మూటలు పెట్టుకుంటున్నాను.

నూనెడబ్బా · బుధవారం, రాత్రి 10:15

వెళ్లొచ్చాను. పట్టీ, మందం కొలిచే వెర్నియర్, మా మెకానిక్ దగ్గర అడిగి తీసుకున్న స్పీకర్ అయస్కాంతం. వాచ్‌మన్ నన్ను చూసి నవ్వాడు.

ఫొటోలు తీసింది పై వరసలకి. కింద కథ వేరు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే మలుపుల్లో ఉన్న కాళ్లకి అడుగు ఎత్తు దాకా నారింజ రంగు కొంచెం ముదురుగా ఉంది. బొటనవేలితో కిందికి రాస్తే అల తగిలినట్టు తగిలింది. అయస్కాంతం పెట్టాను, ఒక క్షణం పట్టుకుని జారి బూటు మీద పడింది. బాబాయ్, దండం మీకు. మొత్తం 40 ఫ్రేముల్లో 11 అలా ఉన్నాయి. పట్టీ పెడితే ఒకదానికి సందు 9 మిల్లీమీటర్లు.

బీము లాక్ పిన్నులు లెక్కపెట్టాను. బీముకి రెండు చొప్పున 432 ఉండాలి. చాలాచోట్ల మేకు వంచి పెట్టారు, కొన్నిచోట్ల బైండింగ్ వైరు. అసలు పిన్నులు తొంభై కూడా లేవు. మొదటి బీము ఎత్తు సరిగ్గా 92 సెంటీమీటర్లు, అన్న చెప్పినట్టే. బీము లోతు 80 మిల్లీమీటర్లు. లోడ్ బోర్డు ఉండాల్సిన చోట నాలుగు రివెట్ చిల్లులు మాత్రం ఉన్నాయి.

బీమ్_లాక్ · బుధవారం, రాత్రి 10:40

శభాష్. ఆ పిన్ను ఎందుకో తెలుసా? ఫోర్క్‌లిఫ్ట్ వాడు ప్యాలెట్ ఎత్తేటప్పుడు పొరపాటున పై బీముని కింద నుంచి తాకిస్తే, పిన్ను లేని బీము కొక్కెం లోంచి లేచి వచ్చేస్తుంది. బైండింగ్ వైరు ఏం ఆపుతుంది?

80 మిల్లీమీటర్ల బీము మీద రెండు టన్నులంటే నాకు నమ్మకం లేదు. కాలి మీద ఎక్కడో కంపెనీ గుర్తు అచ్చు కొట్టి ఉంటుంది. చిల్లుల ఆకారం, బీము కొలతలు ఫొటో తీసి ఆ తయారీ కంపెనీకే పంపండి. వాళ్ల పట్టికలో చూసి చెబుతారు. వాళ్ల పాత సరుకు కొంటున్నామని మొహమాటపడకండి, ఆ పిన్నులూ ప్లేట్లూ అమ్ముకోవాలని వాళ్లకీ ఉంటుంది.

నూనెడబ్బా · గురువారం, మధ్యాహ్నం 3:20

పంపాను. ఒక ఇంజినీర్ గారు ఓపిగ్గా మాట్లాడారు. ఆ బీముకి వరసకి 800 కిలోలు, అదీ మొదటి వరస మీటరు లోపలే ఉంటే అన్నారు. నాకు కావాల్సింది 2,000. నేను 1.8 మీటర్లని చెప్పగానే ఆయన "ఏం స్టోర్ చేస్తారు?" అని అడిగి, నూనె అనగానే కాసేపు మాట్లాడలేదు.

లాట్ 7 వదిలేశాను. నాన్నగారికి అయస్కాంతం సంగతి చెబితే "బట్టల కొట్టు బీరువాలో బియ్యం మూటలు పెడతామంటే ఎట్లా" అని నన్నే తిట్టారు. సోమవారం మాటే మర్చిపోయారు.

లాట్ 8 యాంగిల్ ర్యాకులు సబ్బుల పెట్టెలకి సరిపోతాయి, మనిషి ఎత్తు వరకే. రేపు దానికి 90 వేలు హద్దు.

నూనెడబ్బా · 19 రోజుల తర్వాత, రాత్రి 8:30

ఆలస్యానికి క్షమించండి. నిజం చెప్పాలంటే ఈ మూడు వారాలూ బోల్టులు ఏరుతూనే ఉన్నాను.

లాట్ 8 నాకు 86 వేలకు దక్కింది. జీఎస్టీ 15,480. విప్పడానికి, బిగించడానికి కూలీలు 14 వేలు, డీసీఎం వ్యాను రెండు ట్రిప్పులు 9 వేలు, కొత్త బోల్టులు, కార్నర్ ప్లేట్లు 6 వేలు. మొత్తం 1,30,480. యాభై ఐదుకి పంచితే ర్యాకుకి 2,372. కొత్తది 3,200 చెబుతున్నారు, కాబట్టి నష్టం లేదు. కానీ ఒక్కో ర్యాకుకి ఐదు అరలు, అరకి నాలుగు మూలలు, మూలకి రెండు బోల్టులు. 55 ర్యాకులకి 2,200 బోల్టులు. విప్పిన కుర్రాళ్లు అన్నీ ఒకే బక్కెట్లో పోసిచ్చారు, తుప్పుపట్టినవాటిని కటింగ్ మెషిన్‌తో కోసేశారు. రాత్రుళ్లు నేనూ మా ఆవిడా పళ్లెంలో పోసుకుని, రాళ్లు ఏరినట్టు ఏరాం. పనికిరానివి దాదాపు 700.

ప్లీడరు గారూ, మీరు చెప్పినట్టు ఓనరు దగ్గర గేటు పాస్ ముందే రాయించుకున్నాను. నాతోపాటే వచ్చిన వేరే లాట్ ఆయన లారీ రెండు రోజులు గేటు బయటే ఉంది.

ఇక లాట్ 7. ఇద్దరు పట్టుబట్టి ఐదు లక్షల పదివేల దాకా లాక్కెళ్లారు. పైన జీఎస్టీ. అంటే నాకు కొత్తవాటికి చెప్పిన రేటు!

తుక్కు_బాబాయ్ · అదే రోజు, రాత్రి 8:52

చెప్పానా, పాట వేడి. ఆ పాడినవాడు మనవాడు కాదు కదా?

గుంటూరు_టిక్కీ · అదే రోజు, రాత్రి 9:10

ఆ నీలం, నారింజ ర్యాకులేనా అండీ? నిన్న ఒక వాట్సాప్ గ్రూపులో చూశాను. "40 ఫ్రేములు, 29 బాగున్నవి విడిగా కూడా ఇస్తాం, అర్జెంట్" అని పెట్టారు. మిగతా 11 సంగతి రాయలేదు.

కొత్తగా_చేరాను · మర్నాడు, ఉదయం 11:05

నమస్తే అన్నా, మొత్తం చదివాను. మాది సిద్దిపేటలో స్టేషనరీ షాపు. మీ దగ్గర యాంగిల్ ర్యాకులు ఏమైనా మిగిలాయా?

నూనెడబ్బా · మర్నాడు, ఉదయం 11:40

ఇరవై మిగిలాయి తమ్ముడూ. వచ్చి చూసుకో, పట్టీ, అయస్కాంతం నేనిస్తాను. డీసీఎం నువ్వే తెచ్చుకోవాలి. బోల్టుల బక్కెట్ మాత్రం యాజ్ ఈజ్ వేర్ ఈజ్.